బియ్యం డబ్బాలో శుభలేఖలు

వెంకటదుర్గగారు శుభలేఖ మీద కత్తెర పెడితే ఆ పెళ్ళి పీటల దాకా రాదని మా వీధిలో చెప్పుకుంటారు. వైశాఖంలో బుల్లిరాజుగారి అమ్మాయి సత్యశ్రీ పెళ్ళి ముహూర్తానికి ఆరు రోజుల ముందు ఆగిపోయింది. ఆ పిల్ల పేరు నిలువునా కోసి పసుపుతో సహా బియ్యంలో పాతిపెట్టింది దుర్గగారేనని వీరమ్మగారు కుళాయి దగ్గర ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతుంది. ఆ మాట ఇప్పుడు తణుకు సెంటర్లో ఇస్త్రీ బండి దాకా వెళ్ళింది.

దుర్గగారికి నలభై రెండేళ్ళు. జిరాక్సు షాపులో పని. బుల్లిరాజుగారి ఇంటి వెనక వాటాలో పదకొండేళ్ళు ఒక్కతే అద్దెకుంది. పక్క వాటా మాది. ఆవిడ మంచి మనిషని నేను రాయను. పలకరిస్తే "ఏంటి?" అనేది, పనేంటో చెప్పి వెళ్ళమన్నట్టు. మా అమ్మ గారెలు పంపిస్తే, "నూనె పీల్చేశాయి" అని గిన్నె కడిగి తిరిగిచ్చింది. వీధిలో ఎవరికీ ఆవిడంటే పడదు. ఆవిడకీ ఎవరూ పడరు.

షాపు నుంచి రాగానే ఒకటే పని: కాగితంతో మిలట్రీ బళ్ళు చెయ్యడం. జీపులు, ఫిరంగిని లాగే లారీలు, చివరికి ఒక టీ-72 ట్యాంకు. భాగాల బొమ్మలు నెట్లోంచి తీసుకుని, షాపులో ప్రింటు కొట్టుకుని, అట్ట మీద అంటించి కోసేది. మడత రావాల్సినచోట రీఫిల్ అయిపోయిన పెన్నుతో గీత నొక్కేది. కోసిన అంచు తెల్లగా కనపడకుండా పచ్చ స్కెచ్ పెన్ను పూసేది. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే గొలుసులో ఒక్కో పలకా ఒక్కో ముక్క, రెండు వైపులా కలిపి రెండు వందలకి కాస్త తక్కువ. ఏ ముక్కయినా రవ్వంత తేడా వస్తే "ఇది నడవదు" అని పారేసేది. కాగితం ట్యాంకు నడవడమేంటని కిటికీ ఇవతల నుంచి నేనెప్పుడూ అడగలేదు.

ఆ పనికి శుభలేఖల అట్టే కావాలి. మందంగా ఉంటుంది, మడిస్తే చిట్లదు. వానాకాలం మా వైపు గాలికి ఏ కాగితమైనా మెత్తబడిపోతుంది. అందుకని కోసిన ముక్కల్ని బియ్యం డబ్బాలో దాచేది. బియ్యం చెమ్మ లాగేస్తాయి.

శ్రావణంలో ఒక ఆదివారం బుల్లిరాజుగారి భార్య అమ్మణ్ణిగారు ఆ వాటాకి వచ్చింది. కప్పు కారుతోందని దుర్గగారు నెల్లాళ్ళుగా పోరుతుంటే చూడ్డానికి. కారుతున్న చోటికి వెళ్ళాలంటే డబ్బా అడ్డం. జరపబోతే మూత ఊడింది. బియ్యం మీద పసుపు రాసిన అట్టమూల, పక్కనే "చి.ల.సౌ. సత్య" దాకా కోసిన ముక్క.

"ఓయమ్మో! నా కూతురి బతుకు తీసింది నువ్వటే! చేతబడి చేస్తావా నా ఇంట్లో కూర్చుని?"

"చేతబడి కాదండి, చెమ్మ. మీ కప్పు బాగుచేయిస్తే డబ్బాతో పనే ఉండదు."

వీధంతా పోగయింది. వీరమ్మగారు అందరికంటే ముందు లోపలికొచ్చింది. "నే చెప్పలా? మొగుడు లేనిదాని కొంపలో యుద్ధం బళ్ళెందుకండీ?"

"మీకు మొగుడున్నాడుగా వీరమ్మగారూ, మీ ఇంట్లో యుద్ధం తగ్గిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బుల్లిరాజుగారు నవ్వలేదు.

"ఒక్కటే అడుగుతున్నానమ్మా. మా అమ్మాయి కార్డులు నీ చేతికెలా వచ్చాయి? చెప్పావా, ఉండు. చెప్పలేదా, రేపు పొద్దున్నకి వాటా ఖాళీ చెయ్యి."

బల్ల మీద ట్యాంకు ఏడు నెలల పని. గొలుసు ఒకవైపే పడింది. ఆటోలో నాలుగు గుంతలు దాటితే అది మిగలదని ఆవిడకి తెలుసు.

దుర్గగారు గుమ్మంలో నిలబడ్డ సత్యశ్రీ వైపు చూసింది. సత్యశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది.

"మా షాపు చెత్తబుట్టలో దొరికాయి," అంది దుర్గగారు.

"అబద్ధం!" అమ్మణ్ణిగారు అరిచింది. "మిగిలినవన్నీ కాలవలో కలిపించేశాను. దేవుడి బొమ్మలున్నవి చెత్తలో వేసే కొంప కాదు మాది."

"అయితే ఆ కాలవనే అడగండి."

బుల్లిరాజుగారు ఒక్క తోపుతో ట్యాంకుని కిందపడేశారు. తొక్కలేదు. తొక్కింది వీరమ్మగారు, "అయ్యో, చూసుకోలేదండీ" అంటూ.

మర్నాడు దుర్గగారు ఆటో ఎక్కింది. సాయం పడదామని వెళితే, "నువ్వు చూడ్డానికి తప్ప దేనికీ పనికిరావే" అని నా చేతిలో సంచీ లాక్కుంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పెళ్ళి ఆగిపోయిన మూడో రోజున, కాలవలో కలిపి రమ్మని వాళ్ళమ్మ ఇచ్చిన శుభలేఖల సంచిని సత్యశ్రీ వెనకదారిన తెచ్చి దుర్గగారి చేతికిచ్చింది. బరువుగా ఉందంటే గేటు తీసి పట్టుకున్నది నేనే.