మందపాటి గోడల కోసం ఒక ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు రాహేలమ్మ, మాది కడప జిల్లా, మస్కట్‌లో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. ఆ ఇంటివాళ్లు ఉన్నట్టుండి దేశం విడిచి వెళ్లిపోవడంతో పని పోయింది, పనితోపాటు నేను పడుకునే గదీ పోయింది, ఒక పెట్టె, ఒక కుక్కర్ పట్టుకుని ఖురం పేటలోని బస్టాపులో కూర్చుని, "తండ్రీ, ఇంత పెద్ద ఊర్లో నేను నడుం వాల్చే చోటు నీకు యాడా కనపళ్లేదా" అని ఏడ్చాను.

సంగతి తెలిసి మన సహవాసంలోని అక్కలు ఊరుకోలేదు, వంతులు వేసుకుని నన్ను తమ ఇళ్లలో పెట్టుకున్నారు. అయితే సహోదరులారా, నాకు గురక ఉంది. మామూలు గురక కాదు. మొదటి ఇంట్లో పసిపిల్ల దడుచుకుంది, తర్వాతి ఇంట్లో ఏసీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిపించారు, మార్తక్క మాత్రం ఎంతో ప్రేమగల మనిషి, ఎర్రబడిన కళ్లతో నాకు కాఫీ ఇస్తూ, "రాత్రంతా ప్రార్థనలో గడిపే భాగ్యం దొరికింది రాహేలమ్మా, అంతా నీ వల్లే" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఎవరికీ భారం కాకూడదని నిద్ర మానుకుని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని, దాని ఫలితం శుక్రవారం సెలవునాటి ఆరాధనలో తెలిసింది, కూర్చున్నచోటే నిద్రపోయాను. పాస్టరుగారు ప్రసంగం ఆపి, "ఈ సహోదరికి ఇల్లు దొరికేదాకా నా మాట మీకెవరికీ వినపడదు" అన్నారు. అందరూ మోకరించారు, మార్తక్క, "ప్రభువా, మా రాహేలమ్మకు గోడలు మందంగా ఉండే ఇల్లు ఇప్పించు నాయనా" అని ప్రార్థించింది, అంత గట్టి ఆమెన్ ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు.

వ్యాను నడిపే జాన్ అన్నకు ఇబ్రా అనే ఊళ్లో ఒక ఒమానీ ఆయన తెలుసు, వాళ్లమ్మ పాత ఇంట్లో ఒంటరిగా ఉంటోంది, వంటకూ తోడుకూ మనిషి కావాలి, కానీ ఆమె గది పక్కన నాకిచ్చే గదికి పైకప్పు ఊడిపోతోంది. జాన్ అన్న తన రూమ్ దగ్గరి జగిత్యాల మేస్త్రీ మల్లేశ్‌ను అడిగితే, అతను సెలవు రోజున సైట్ మిత్రులతో దిగాడు. "మీ దేవుడా, మా దేవుడా అన్నది తర్వాత చూద్దాం అక్కా, ముందుగాల కప్పు నిలవాలె" అన్నాడు. అక్కలు కర్టెన్లు కుట్టారు, అందరికీ బిర్యానీ వండారు, ఇక నా అర్బాబ్, అంటే యజమాని, అయిన ఆ ఒమానీ ఆయన నా వీసా కాగితాలు తన పేరు మీదికి మార్పించుకున్నాడు.

మొదటి రాత్రి గడిచింది. ఇక వెళ్లిపొమ్మంటుందని తెల్లారేసరికి పెట్టె సర్దుకుని నిలబడ్డాను. ఆ పెద్దమ్మ నెమ్మదిగా వచ్చి ఖర్జూరాలు, కహ్వా అనే వాళ్ల కాఫీ నా ముందు పెట్టి, సొరుగులోంచి వినికిడి మిషన్ తీసి చెవికి పెట్టుకుని, వచ్చీరాని హిందీలో, "నిద్ర బాగా పట్టిందా అమ్మా?" అని అడిగింది. గోడలు అడిగితే దేవుడు చెవులు చూసి ఇచ్చాడు సహోదరులారా, ఆయనకే మహిమ!

మల్లేశ్ కోసం నేను రోజూ ప్రార్థిస్తాను. తన పూజలో నా పేరూ చెబుతున్నానని అతను అన్నాడు, నేను వద్దనలేదు.

మీలో ఎవరికైనా ఈ రోజు తల దాచుకునే చోటు లేకపోతే, సిగ్గుపడి గేటు దాటి వెళ్లిపోకండి. దేవుణ్ణి నమ్మండి, ఆయన పంపే మనుషుల్నీ నమ్మండి. ఆరాధన అయ్యాక టీ బల్ల దగ్గర మార్తక్క, జాన్ అన్న, నేను ఉంటాం, వచ్చి మాతో ఒక్క మాట చెప్పండి, మిగతాది అందరం కలిసి చూద్దాం.