దీపం ముందు చెప్పిన మొత్తం

మా భజన మండలిలో కార్తీక ఏకాదశికి ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఇంటి యజమానీ ఒక శేరు రాగులు తెచ్చి దీపం ముందు పోసి, తన ఇల్లు నెల గడవడానికి ఎంత చాలో అందరికీ వినబడేటట్టు చెప్పాలి. ఆ ఏడాదంతా అంతకు పైన వచ్చిన ప్రతి రూపాయినీ అన్నదానానికి ఇచ్చేయాలి. ఇచ్చారా లేదా అని ఎవరూ అడగరు. చెప్పేటప్పుడు దేవుడు వింటాడు, అది చాలు.

నేను ఈ నమ్మకంలోనే పుట్టాను. మా నాన్న బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పురాణం చెప్పేవాడు. కడుపు పట్టినంతే మనది, అంతకు మించి దాచుకున్నది ఇంకొకరి కంచంలోది అని ఆయన చెప్పగా విని విని, అది నాకు ఒకరు నేర్పిన మాటలా కాక ఊపిరిలా అయిపోయింది. చింతామణి దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చాక అత్తింటివారు కూడా ఇదే మండలివారు కావడం నా భాగ్యం అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇది చదివి ఎవరూ ఆ కట్టుబాటును తప్పు పట్టకూడదు. నేను చెప్పేది మా ఇంటి సంగతి.

ఆ ఏకాదశి నాడు ఇంటివాళ్ళు వరసగా చెబుతారు. ముందువాడు పద్దెనిమిది వేలు అంటే వెనకవాడికి ఇరవై అనడానికి నోరు రాదు. పదిహేడు అంటాడు. వాడి వెనకవాడు పదహారు. చీటీ పాట జరిగినట్టే ఉంటుంది, కాకపోతే మా పాట కిందికి దిగుతుంది. కొన్నేళ్ళ కిందట మేము ఇంట్లో కూర్చుని, మా ఆయన, నేను, మా అత్త ముగ్గురం కలిసి ఇరవై రెండు వేలు అని తేల్చుకుని వెళ్ళాం. మా ఆయన దీపం ముందు పదిహేను అన్నాడు.

ఇంటికి వచ్చాక మా అత్త చెప్పులు కూడా విడవకుండానే అడిగింది. "ఏరా, ఇంట్లో ఇరవై రెండు, ఆడ పదైదు. దావలో ఏడు వేలు యాడ పడిపాయరా?"

"ముందరోడు పదారన్నాడు మా. నేను ఇరవై రెండంటే ఏమనుకుంటారు?"

"మేలు, నీ యనక ఎవరూ లేరు. ఇంగ నలుగురుంటే సున్నాకొచ్చి నిలబడుతుండె."

నేను నవ్వాను. నాకు అప్పుడు బాధ కలగలేదు. పదిహేనుతో నడిపి చూపిస్తాను అనుకున్నాను, నడిపాను కూడా. పట్టుపురుగుల మేతకు రెండెకరాల రేషం తోట, అదే మల్బరీ, ఒక ఆవు, బోరులో నీళ్ళు. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మి వచ్చిన రోజు, మా ఆయన దీపం ముందు చెప్పిన మొత్తం పక్కన పెట్టి మిగిలింది మండలి పెద్దకు ఇచ్చి వచ్చేవాడు. శనివారాల్లో అన్నదానానికి నేనే వడ్డించేదాన్ని. తెలియనివాళ్ళు, బస్సు దిగి ఆకలితో వచ్చినవాళ్ళు వంచిన తల ఎత్తకుండా తింటుంటే, వాళ్ళ కంచంలో మా తోట ఆకు కనబడేది నాకు. అంత సంతోషం నాకు మరెక్కడా దొరకలేదు. మేము ఏమీ దాచుకోలేదు. దాచుకోవాలనే ఆలోచన కూడా మా ఇంటి గడప తొక్కలేదు.

పోయిన ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే ముందు బురద, తరువాత గాలి. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. పట్టుపురుగు పొర విడిచే ముందు తిండి మానేసి పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఆ వారం రోజుల్లో అది తినే ఆకు, పుట్టినప్పటి నుంచి తిన్నదంతా కలిపినా దానికి సరిపోదు. రాత్రింబవళ్ళు తింటూనే ఉంటుంది. మా తోటలో ఆకు రెండు రోజుల్లో అయిపోయింది. తట్టల దగ్గరికి వెళ్తే వేల తలలు పైకెత్తి ఊగుతున్నాయి. షెడ్డులో ఎప్పుడూ ఉండే ఆకు నమిలే చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం విని నేను బయటికి వచ్చేశాను.

"మండలి పెద్దప్పను అడుగుదాం," అన్నాను మా ఆయనతో. "అప్పుగానే. పంట రాంగానే కట్టేద్దాం."

"దేవుడికిచ్చింది మళ్ళా అడిగేదా? ఎవరైనా ఇంటే నవ్వుతారు."

"పురుగులు సస్తాండాయి. వాళ్ళు నవ్వనీ."

ఆయన వెళ్ళలేదు. నేను వెళ్ళాను. మండలి పెద్దకు చింతామణిలో చిల్లర అంగడి ఉంది. ముసలాయన, మంచివాడు. బియ్యం తూస్తున్న చేయి ఆపి, నా మాట పూర్తిగా విన్నాడు.

"అమ్మా, ఇచ్చేదానికి నాకు మనసుండాది. కానీ అది దుడ్డుగా లేదు గదమ్మా. ఏ వారానిది ఆ వారం అన్నమైపాయ. తిన్నోళ్ళు లేచి పోయినారు."

అది నిజం. నా చేత్తోనే వడ్డించాను, నాకు తెలియదా.

ఆయన తూకం పళ్ళెం కింద పెట్టాడు. తరువాత చాలా మెల్లగా అన్నాడు. "కష్టం తీరేదాకా శనివారం మీ ముగ్గురూ అన్నానికి రాండమ్మా. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ మాట ఆయన ప్రేమతోనే అన్నాడు. నేను అంగడి మెట్టు దిగి, బస్టాండు దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నడిచాను.

ఆవును అమ్మేశాం. ఆ డబ్బుతో మండికల్ వైపు ఒక రైతు దగ్గర ఆకు కొని, టెంపోలో మోపులు తెచ్చాం. దించిన వెంటనే తట్టల మీద పరిచాను. చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను షెడ్డులోనే నేల మీద కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను. సాయంత్రానికి పురుగులు తలలు విదిలించడం మొదలుపెట్టాయి. పచ్చటి నీళ్ళు కక్కి, కుదించుకుపోయి, తట్టల అంచుల నుంచి రాలిపడ్డాయి. ఆ రైతు తోట పక్కనే పూలతోట. అక్కడ మందు కొట్టారట, గాలికి వచ్చి ఆకు మీద పడిందట. ఆయనకూ తెలియదట. మా ఆయన అంతా విని ఫోను పెట్టేశాడు. మరునాడు గుంత తవ్వి, గంపలకు గంపలు పోసి పూడ్చాం.

శనివారం మా అత్త చీర మార్చుకుని సిద్ధంగా కూర్చుంది. "పిలిచినారు గదా, పోదాం పా. దేవుడి అన్నానికి మానమేంది?"

ముగ్గురం వెళ్ళాం. ఎప్పుడూ నేను వంగి వడ్డించే వరుసలో కూర్చున్నాను. వడ్డిస్తున్న ఆమె నన్ను చూసి గరిటె ఒక్క క్షణం ఆపి, అన్నం మరి కాస్త ఎక్కువ వేసింది. మా ఆయన తల ఎత్తలేదు. మా అత్త మాత్రం చేయి చాచి గట్టిగా అడిగింది. "సాంబారు ఇంగొంచెం పొయ్యమ్మా. ఉప్పు ఎక్కువైంది గానీ పరవాలేదు. మా దుడ్డుతో ఎన్నేండ్లు వండినారో, ఒగదినం మేం తింటే తప్పా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను కంచంలోకి వంగి అన్నం కలుపుకున్నాను.

ఆ నెలల్లో నేను దేవుడితో పోట్లాడలేదు. పోట్లాడేంత ధైర్యం నాకు లేదు. కానీ ఒకటే ప్రశ్న నన్ను నిద్రలోనూ వదలలేదు. కడుపు పట్టినంతే మనది అన్నారు, సరే. రేపటి కడుపు ఎవరిది? వచ్చే ఏడాది ఎండాకాలంలో మా అత్త మింగవలసిన బీపీ మాత్ర ఎవరిది? మా నాన్న బతికి ఉంటే అడిగేదాన్ని. ఆయన చెప్పిన పురాణమంతా మనసులో తిప్పి తిప్పి చూశాను. జవాబు ఎక్కడో ఉండే ఉంటుంది, నా చదువుకు అందలేదు.

కార్తీక ఏకాదశి వచ్చింది. ఇంట్లో రేషన్‌వి తప్ప వేరే రాగులు లేవు. వాటిలోంచే శేరు కొలిచి, మా ఆయన గుడ్డలో కట్టుకున్నాడు. ఎంత చెప్పాలని ఈసారి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మండలిలో మగవాళ్ళు ఒక పక్క, మేము ఒక పక్క కూర్చున్నాం. వరస మొదలైంది. పదహారు, పదిహేను, పద్నాలుగున్నర. మా ఆయన లేచి రాగులు పోశాడు. ఆయన భుజాలు చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"పది వేలు," అన్నాడు.

"కాదు," అన్నాను.

ఆడవాళ్ళు అక్కడ మాట్లాడే ఆచారం లేదు. అందరూ ఇటు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను.

"ముప్పై రెండు వేలు," అన్నాను.

మగవాళ్ళలో ఎవరో నవ్వారు. "ఏమక్కా, బెంగళూరులో మేడ చూసినారా?"

"మేడ కాదన్నా. బోరు ఎండితే ఇంగొకటి యేసేది దాంట్లో ఉండాది. పంట పోతే మళ్ళా పంటొచ్చేదాకా తినేది ఉండాది. మా అత్త మాత్రలుండాయి."

"నా ఆకూవక్కా కలిపినావా?" అంది మా అత్త వెనక నుంచి.

"కలిపినా అత్తా."

మండలి పెద్ద అడిగాడు. "అమ్మా, నెలకు అంత వస్తాండాదా మీకు?"

"దాంట్లో మూడో వంతు గూడా రాదప్పా."

"మరి యాల చెప్తాండావు?"

"ఎంత వస్తాదని అడగలేదు గదప్పా. ఎంతైతే చాలని అడిగినారు. దీపం ముందర అబద్ధం చెప్పేదానికి నాకు భయం."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు. ముసలాయన ఇంటి యజమాని తల మీద వేసే అక్షతలు తీసుకుని, నా తల మీదే వేశాడు. మా తరువాత లేచినవాడు పదమూడు అన్నాడు.

మా ఆయన నా కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని కనబడ్డాడు. పక్కన కూర్చున్నాను. పరువు తీశావని తిడతాడనుకున్నాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ అడిగాడు.

"ముప్పై రెండు వేలు నేను యాడ నుంచి తెచ్చేదే?"

పెళ్ళైనప్పటి నుంచి ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ తక్కువ చెప్పింది గొప్పకు కాదేమో, ఈ ప్రశ్నకు భయపడేమో అని నాకు అప్పుడు తోచింది.

"నాకు తెలీదు," అన్నాను.

బాగేపల్లి బస్సు వచ్చి వెళ్ళింది. మా బస్సు వచ్చినా మేము లేవలేదు.

ఇప్పుడు ఆయన పొద్దున్నే చిక్కబళ్ళాపురం బస్సెక్కి నంది దగ్గర ఒక గులాబీ తోటకు కూలికి పోతున్నాడు. తోటలో రేషం చెట్లు మోడులై నిలబడ్డాయి. పొలాలు కొని ఇళ్ళ స్థలాలకు లేఅవుట్ వేసేవాళ్ళు ఆ దారిన రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మా ఆయన వాళ్ళ నంబరు రాసుకున్నాడు, నాకు చెప్పలేదు.

దేవుడిని నేను ఎప్పుడూ ఏదీ అడిగినదాన్ని కాదు. అడగకపోవడమే భక్తి అని పెరిగాను. ఈమధ్య దీపం పెట్టినప్పుడు అడుగుతున్నాను, మొత్తం చెప్పి మరీ, గట్టిగా. వాకిట్లో కూర్చున్న మా అత్త విన్నది.

"కొంచెం ఎక్కువేసి అడుగే," అంది. "ఆయన గూడా బేరం చేస్తాడేమో."

నేను ఎక్కువ వేయలేదు. తగ్గించనూ లేదు. ముప్పై రెండు వేలే అడిగాను. మరునాడు కూడా అంతే అడిగాను.