తోక కింది చెక్కముక్క

దయ్యాలూ ఆత్మలూ అంటే క్లాసులో ఎగతాళి చేసినవాణ్ణి నేను. ప్రొద్దుటూరు హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేశాను. ఇప్పటికీ నమ్మననే చెబుతాను. జమ్మలమడుగులో జరిగిన ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం నోరు పెగలదు. చెప్పుకోవడానికి సిగ్గు కూడా.

చెక్కతో పాత విమానాల నమూనాలు చేయడం నాకు పిచ్చి. ఆ రోజుల్లో హరికేన్ అనే యుద్ధ విమానం మొదలుపెట్టాను, అందులోనూ మొట్టమొదట వచ్చిన రకం. దానికి ముక్కు దగ్గర తిరిగే రెండు బ్లేడ్ల చెక్క పంకా ఉండేదని, రెక్కలకు గుడ్డ తొడుగు వేసేవారని పుస్తకాల్లో దొరికింది. తోక దగ్గరే తేలలేదు. కొన్ని బొమ్మల్లో తోక కింద ఒక చిన్న ముక్క ఉంది, కొన్నింట్లో లేదు.

జమ్మలమడుగులో ఖాసీం పీరా అనే పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ విమానాలకు మెకానిక్కుగా పనిచేశాడని తెలిసి వెళ్లాను. నాలుగైదు ఆదివారాలు కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు. విమానం పంకా పక్కన తాను నిలబడ్డ ఫోటో, ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే, నా చేతిలో పెట్టాడు. అందులో తోక పడలేదు.

"గ్యాపకం తెచ్చుకోని చెప్తాలే సారూ" అన్నాడు.

అంతలో ఎన్నికలొచ్చాయి. పులివెందులలో మా బావమరిది ఒక పార్టీ నాయకుడి వెంట తిరిగేవాడు. పీరా కొడుకు అవతలి పార్టీ. ఊళ్లలో నాటుబాంబులు పడుతున్నాయి. నేను జమ్మలమడుగు వెళ్లడం మానేశాను.

ఒకరోజు ప్రొద్దుటూరు బస్టాండులో బావమరిదితో నిలబడి ఉంటే పీరా కనిపించాడు. దూరం నుంచే చెయ్యి ఊపుతూ, "సారూ! తోక సంగతి గ్యాపకమొచ్చింది" అంటూ వస్తున్నాడు.

"ఎవురాయప్ప?" అన్నాడు బావమరిది.

"ఎవురో, నాకు తెల్దు" అని ముఖం తిప్పుకున్నాను. పీరా వినే ఉంటాడు. కాసేపటికి చూస్తే అక్కడ లేడు.

రెండు నెలలకు ఆయన చనిపోయాడని తెలిసింది. పరామర్శకు కూడా పోలేదు. భయం.

ఏడాది తర్వాత, గొడవలు సద్దుమణిగాక, ఆ నమూనా మళ్లీ బయటికి తీశాను. ఒక ఆదివారం పొద్దున తోక కింది ముక్క చెక్కుతుంటే నిలువునా చీలింది. జిగురు పెట్టి అతికించి, దాన్నే బిగించాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఫోటో తిరిగి ఇచ్చేద్దామని ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

పీరా కోడలు తలుపు తీసింది. నా పేరు చెప్పగానే లోపలికి రమ్మంది.

"మా మామ పోయే రోజు మీ మాటే ఎత్తినాడు సార్. 'సారు తోక కింద సీలిన ముక్క అతికిచ్చినాడు, పీకేయమని చెప్పు. మొదట్లో వచ్చిన వాటికి అది లేదు' అన్యాడు. మాకేం అర్థం కాల్యా."

అక్కడ ముక్క పెడతానని ఆయన ఊహించి ఉండొచ్చు. అది చీలుతుందని ఎలా ఊహిస్తాడు? అదీ ఏడాది ముందు?

"ఇంగో మాట కూడా చెప్పమన్యాడు" అందామె. "'సారుకు భయం, పాపం. నేనేమీ అనుకోల్యా' అని. దేనికి సార్ మీకు భయం?"

ఫోటో ఆమె చేతిలో పెట్టి లేచి వచ్చేశాను.

ఆమెకు అబద్ధమాడే అవసరం లేదు. ఆయనకు ఎలా తెలిసిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. అంత తెలిసిన మనిషి, పోతూ పోతూ నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.