పోటు ఎక్కువైన సముద్రం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే, దాన్ని లోకంలో ఇంకెవరూ కనిపెట్టలేదు కాబోలు అనుకునేదాన్ని. చరిత్రలో ఎం.ఏ. పూర్తయి నాలుగు నెలలు కాలేదు, ఉద్యోగం దొరికింది. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో మా విశ్వవిద్యాలయానికి ఒక పాత మేడ ఉంది. ఒకప్పుడు ఆడపిల్లల హాస్టలు, తర్వాత విరిగిన బల్లలు పడేసే గోదాము, చివరికి గబ్బిలాల సొంత ఇల్లు. దాన్ని బాగుచేసి, పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు దిగే బంగళాగా మార్చాలని పెద్దలు తలపెట్టారు. ఏ గదిలో ఏం జరిగిందో తేల్చి, గుమ్మాల పక్కన బిగించే పలకలకు నాలుగేసి వాక్యాలు రాసివ్వడం నా పని. (మా అమ్మ మాత్రం చుట్టాలతో "మా పిల్ల బంగళా కట్టిస్తా ఉండాది" అనేది. నేను దిద్దేదాన్ని కాదు.)

గోడల పని చూసే పెద్దాయన్ని అందరం సున్నం తాత అనేవాళ్లం. నెల్లూరు సాయిబుల కుటుంబం, తాతలనాటి నుంచీ మేస్త్రీలు. బెల్లం నీళ్లు కలిపిన గానుగ సున్నాన్ని వేలితో రాసి చూసి, సరిపోయిందో లేదో చెప్పేసేవాడు. ఒకరోజు పైఅంతస్తు మూలగదిలో పాత రంగు పొరలు గీకుతుంటే, కిటికీ పక్కన ఎర్రమట్టితో గీసిన నిలువు గీతలు బయటపడ్డాయి. ఒక వరుస పైన 'ఆ' అని, ఇంకో వరుస పైన 'పో' అని రాసి ఉంది. కిటికీలోంచి చూస్తే దూరంగా సముద్రం. హాస్టలు కాకముందు అక్కడ ఒక సైన్సు ప్రొఫెసరు కాపురమున్నాడని అంతకుముందే ఎక్కడో చదివాను. ఇంకేముంది, ఆటు, పోటు! ఆయన ఈ కిటికీ దగ్గర నిలబడి సముద్రం లెక్క రాసుకున్నాడన్నమాట.

సున్నం తాత రెండు వరుసలూ నిదానంగా లెక్కపెట్టాడు. 'ఆ' కింద తొమ్మిది, 'పో' కింద ముప్పై ఒకటి. "పోటు వచ్చినన్ని మాట్లు ఆటు గూడా రావాల గదమ్మా," అన్నాడు. "ఈ లెక్కన ఇందుకూరుపేట ఎప్పుడో మునిగిపొయ్యుండాల."

నేను జాలిగా నవ్వాను. ఆటు సమయంలో ప్రొఫెసరుగారు నిద్రపోతూ ఉండి ఉంటారని వివరించాను. (ఇదే మాట నివేదికలో "పరిశీలకుని దైనందిన విశ్రాంతి వేళల ప్రభావం" అని రాశాను. పది పేజీలు.) ఆయన గీతలున్న మేర వదిలేసి చుట్టూ సున్నం మెత్తాడు.

ఆ పనులన్నిటికీ అధికారి అయిన మా పెద్దసారు నివేదిక చదివి మురిసిపోయారు. గీతల మీద అద్దం బిగించి, 'సముద్ర పరిశీలన గది' అని ఇత్తడి పలక చేయించారు. ఆహ్వానపత్రికలో కూడా ఆ మాట వేయించారు. ఆ నెలాఖరుకు నన్ను పనిలో ఉంచాలో పంపాలో తేల్చేది ఆయనే గనుక, నేను ఆ ఇత్తడి పలకనే నా నియామక పత్రం అనుకున్నాను.

ప్రారంభం రోజు అతిథులకు గదులు చూపించే పని నాది. మూలగదిలో ముప్పైమంది ముందు నిలబడి సముద్రం గురించి ధారాళంగా చెబుతున్నాను. ముందువరుసలో ఒక పెద్దావిడ, రిటైరైన హెడ్మిస్ట్రెస్, చేతికర్ర ఆనించుకుని అద్దంలోకి తొంగిచూస్తూ ఉంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందేమోనని నేను మాట ఆపాను. నవ్వుతోంది.

"ఆ అంటే ఆదెక్క. నన్ను అట్టనే పిలిచేవాళ్లు," అంది. "పో అంటే పోలి, నా గదిలో ఉండే పిల్ల. పోట్లాడుకున్నాక ఎవురు ముందు పలకరిస్తే వాళ్లకొక గీత. సముద్రం గాదమ్మా, మేమే."

గదంతా గొల్లున నవ్వింది. పెద్దసారు మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. సున్నం తాత మాత్రం గుమ్మం దగ్గర నిలబడి పైకప్పు దూలాల్ని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఆయన నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ నవ్వులు సద్దుమణిగేలోపు ఆమె అద్దం మీద వేలుపెట్టి గీతలు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ముగిసేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు. చిట్టమూరులో ఉంటున్న ఆ పోలితో ఆమెకు ఏడేళ్లుగా మాటల్లేవట. ఈమె రిటైర్మెంటు సభకు పిలుపు ఆలస్యంగా అందిందని పోలి అలిగింది, ఈమె బిగుసుకుంది.

"జీవితమంతా నేనే తగ్గినాననుకుంటా ఉండానమ్మా," అంది నాతో, మెల్లగా. "చూడు, ఎవురు తగ్గినారో."

నంబరు ఆమెకు నోటికొచ్చు. నా ఫోను తీసుకుని నొక్కింది. అవతల ఎత్తగానే, "పోలీ, నేనే. అన్నం తిన్నావా?" అంది. అవతలి గొంతు ఏడేళ్లదీ కలిపి ఒకేసారి తిట్టింది. ఆ తిట్లు మా ముప్పైమందికీ వినిపించాయి. ఈమె కళ్లు తుడుచుకుంటూ, "ఊ, ఇంకా తిట్టు," అంటూ కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దసారు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి (సున్నం తాత ముందే ఆయన చేతిలో పెట్టాడని తర్వాత తెలిసింది) ఇత్తడి పలకను స్వయంగా విప్పారు. నా ఉద్యోగం కూడా దాంతోపాటే ఊడుతుందని నిలబడి చూస్తున్నాను. ఆయన పలక నా చేతికిచ్చి, "రేపు పొద్దున కొత్తది రాసివ్వమ్మా. ఈసారి ఆమెనడిగి రాయి," అన్నారు. రేపు అన్నారు గనుక రేపు కూడా రావచ్చని అర్థమైంది.

ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. నా వాక్యాల్లో ఇప్పుడు 'బహుశా'లు, 'కావచ్చు'లు ఎక్కువ. ఎవరూ నవ్వరు, తప్పులు పట్టరు. అయినా అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. ఒక కిటికీ, నలభై గీతలు చూసి, మొత్తం సముద్రాన్నే ఒక గదిలోకి తెచ్చి కూర్చోబెట్టిన పిల్ల. నవ్వుకుంటాను. కొంచెం అసూయగా కూడా ఉంటుంది.