గొంతు వినే ఉస్తాద్

ఆదోనిలో మాది ధాన్యం కొట్టు. మా నాన్న జొన్నలు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేవాడు కాదు. మొదటి శేరుకు ‘లాభం’ అని, ఆ తర్వాత రెండు, మూడు అని పోయేవాడు. నాకూ ఆ లెక్కే నోటికి పట్టింది.

పందొమ్మిదో ఏట చలిజ్వరం నన్ను మూడు నెలలు పీల్చి పిప్పి చేసింది. లేచి కూర్చునే సరికి, బళ్ళారిలో డ్రిల్లు మాస్టర్ల ఎంపిక ఉందనీ మైలు దూరం పరుగెత్తాలనీ తెలిసింది. అది తప్పితే కొట్లో కూర్చోవాల్సిందే. నాకేమో కొట్టంటే చచ్చేంత విసుగు. ఇంకా రెండు నెలల గడువుందని సత్తువ కోసం కుస్తీలు నేర్పే తాలీంఖానాకు పోయాను.

అక్కడి ఉస్తాద్ యాభై దాటిన సాయిబు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నన్ను బస్కీలు తీయమన్నాడు.

“నోరు మూసుకొని తీసేది కాదప్పా. బయటికి లెక్క సెప్పు. నీ గొంతు యాడ వణికితే ఆడ నిలుపుదాము.”

“లాభం, రెండు, మూడు…” అని మొదలుపెట్టాను. కుస్తీ పడుతున్నవాళ్లు పట్లు వదిలేసి మరీ నవ్వారు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. ఇరవై రెండు దగ్గర నా మాట తెగింది. “సాలు, నిలుపు” అన్నాడు.

నా ఈడువాళ్లు వంద తీస్తుంటే నాకు ఇరవై రెండా! ముసలాయన నన్ను చిన్నచూపు చూస్తున్నాడని ఒళ్లు మండిపోయింది. ఒక శుక్రవారం ఆయన నమాజుకు పోగానే, నోరు బిగించి వంద తీయబోయాను. తొంభై దాకా గుర్తుంది. తర్వాత కళ్లు తెరిచేసరికి కక్కుకుని మట్టిలో పడి ఉన్నాను. నాలుగు రోజులు గోడ పట్టుకోకుండా దొడ్లోకి కూడా పోలేకపోయాను.

ఐదో రోజు ఉస్తాద్ మా ఇంటికొచ్చాడు. తిడతాడని దుప్పటి కప్పుకున్నాను. ఆయన మంచం పక్కన కూర్చుని, నా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని నాడి లెక్కపెట్టాడు.

“లాభం… రెండు… మూడు…”

నాకు ఏడుపు ఆగలేదు.

“పండుకొనే ఉన్నావు గానీ నీ గుండె ఇంకా పరుగెత్తుతాంది బేటా. అది నడకలోకి వచ్చినాక రా. మల్లా పదితో మొదలుపెడదాం” అన్నాడు.

నిజంగానే పదితో మొదలుపెట్టించాడు. రెండు నెలలు నిండేసరికి గొంతు తడబడకుండా డెబ్భై తీశాను.

బళ్ళారిలో మైలు పరుగులో నాకంటే ముందు వచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ నేల మీద పడి రొప్పుతున్నారు. గడియారం పట్టుకున్న దొర నా పేరు, నాన్న పేరు, ఊరు అడిగాడు. ఎక్కడా ఆగకుండా చెప్పాను. నాడి చూశాడు, కాసేపాగి మళ్లీ చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పది రోజులకు ఉత్తరం వచ్చింది.

ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించాను. గొంతు వణికిన పిల్లవాడిని ఇంకొక్కటి తీయమని ఏనాడూ అనలేదు. నేను తిన్న అన్నం, ఈ వయసులోనూ ఆడుతున్న ఈ ఊపిరి, ఆ ఉస్తాద్ పెట్టిన భిక్షే.

కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ఒకసారి మైదానంలో ఆగి, పిల్లలంతా ‘లాభం, రెండు’ అంటున్నారేమిటని అడిగాడు. మా నాన్న కొట్టు సంగతి చెప్పాలని నాకు తోచనే లేదు.

“మా ఉస్తాద్ లెక్క సార్” అన్నాను.