నేను నెట్‌లో పెట్టించిన పేజీ

ప్రత్యేక రాష్ట్రం కోసం కేసముద్రంలో రిలే దీక్షలు సాగిన రోజుల్లో శిబిరం రిజిస్టరు నా చేతిలో ఉండేది. మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద లేనిదాన్ని జరిగినట్టు ఒప్పుకోవడం నాకు చేతకాదు. దీక్షల్లో కూర్చున్నది కూలికి తెచ్చిన జనమని కొందరు టీవీల్లో అంటుంటే ఒళ్లు మండేది. అందుకే కూర్చున్న ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయించి, సంతకం తీసుకునేవాణ్ణి.

ఒకరోజు ఇంటర్ చదివే ఆడపిల్లలు పదకొండుమంది కూర్చున్నారు. వారి ధైర్యం లోకానికి తెలియాలనుకున్నాను. ఆనాటి రిజిస్టరు పేజీని ఫొటో తీసి, ఉద్యమం వార్తలతోపాటు నెట్‌లో పెట్టమని నెట్ సెంటర్ నడిపే అతనికి చెప్పాను.

“ఆడివిల్లల నంబర్లు గూడ కనవడ్తున్నయి సారు. జర మూసి తీద్దమా?” అన్నాడతను.

“మూస్తే రుజువెట్లయితది? అనుమానమున్నోడు ఫోన్ జేసి అడుగుతడు,” అన్నాను. ఆ మాటను ఘనంగా డైరీలో కూడా రాసుకున్నాను. కనుక ఈ తప్పును ఇంకొకరి మీదికి నెట్టే వీలు నాకు లేదు.

వారం తిరగకముందే వారిలో ఒక పిల్ల శిబిరానికి వచ్చింది. పక్క తండా అమ్మాయి. రోజూ రైల్లో మహబూబాబాద్ కాలేజీకి వెళ్లి వచ్చేది.

“సారు, గా పేజీ తీసేయించుండ్రి,” అంది.

ఎవడో ఆ పేజీలో ఆమె నంబరు చూసి వరసగా ఫోన్లు చేస్తున్నాడు. పేరు పట్టుకుని నెట్‌లో ఆమె ఖాతా వెతికి, ఫొటో తీసుకున్నాడు. మాట్లాడకపోతే ఆ ముఖాన్ని పాడు బొమ్మకు అతికించి అందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడు. ఒకసారి ఫోన్ తండ్రి ఎత్తాడు. బిడ్డే ఎవరికో నంబరు ఇచ్చిందనుకుని, సోమవారం నుంచి కాలేజీ మానేయమన్నాడు.

నా కోపం ముందు ఆ పిల్ల మీదికే పోయింది. “నెట్‌ల ఫొటో ఎందుకు వెట్టినవ్ బిడ్డా?”

“ఫొటో నేనే వెట్టిన సారు. నంబర్ మీరు వెట్టిండ్రు.”

రిజిస్టరు మూసి లేచాను. నెట్ సెంటర్‌కు నడిచాం. అతను పేజీ తీసేసి, “ఎవలన్న అప్పుడే దాసుకుంటే మాత్రం మన చేతుల లేదు సారు,” అన్నాడు. నా రిజిస్టరులోనైతే ఒక గీతతో కొట్టివేత ముగిసేది.

అక్కడే ఆ పిల్ల తాను చేసినదంతా నాకు ఓపికగా చూపింది. వాడికి ఒక్క జవాబూ ఇవ్వలేదు. అడిగిన ఇంకో ఫొటో పంపలేదు. ఎరిగినవాళ్లకు తప్ప ఎవరికీ కనబడకుండా ఖాతాను మూసుకుంది. వాడి మెసేజీలు మాత్రం అన్నీ ఉంచింది.

“సూస్తే భయమైతలేదా?”

“అయితాంది సారు. గని తుడిసేస్తే నా మాట ఎవలు నమ్ముతరు?”

మర్నాడు పొద్దున రిజిస్టరు పట్టుకుని తండాకు వెళ్లాను. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్న తండ్రి తల ఎత్తకుండానే, “సదువు సాలు సారు. ఫోన్ చేతికిస్తే గిట్లనే అయితది,” అన్నాడు. బిడ్డ ఫోన్ అప్పటికే ఆయన జేబులో ఉంది.

పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. “నీ బిడ్డ ఎవ్వలికి నంబర్ ఇయ్యలే తమ్మీ. నేనే రాయించిన, నేనే లోకానికి సూపిచ్చిన. బందు వెట్టాలంటే నా రాతలు బందు వెట్టు.”

ఆయనకు చదువు రాదు. బిడ్డ సంతకం ఏదని అడిగి, దాని మీద వేలు ఆనించాడు.

“ఇన్నేండ్లు రాసినవ్ గద సారు. ఏది ఎవలికి సూపియ్యాల్నో నేర్వలేదా?”

“నేర్వలే.”

ఆయన గడపలో నిలబడ్డ బిడ్డవైపు తిరిగి తమ భాషలో ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆమె ఏడ్చింది. తర్వాత ముగ్గురం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. దాచిన మెసేజీలు చూసి వాళ్లు ఆ నంబరువాణ్ణి పట్టుకుని మందలించారు. ఫోన్లు ఆగాయి. మిగిలిన పది ఇళ్లకూ నేనే వెళ్లి నా తప్పు చెప్పి వచ్చాను.

భయంతో దాచుకోక, నా వయసు చూసి జంకక, నా ముఖం మీదే నిజం చెప్పిన ఆ పిల్లకు నేటికీ కృతజ్ఞుణ్ణి. ముసలివాడి మాట నమ్మిన ఆ తండ్రికి కూడా.

సోమవారం పొద్దున వాళ్లిద్దరూ రైల్వే స్టేషన్లో కనిపించారు. ఆమె రైలెక్కాక తండ్రి తన జేబులోంచి ఆమె ఫోన్ తీసి కిటికీలోంచి అందించాడు.

“కాలేజీకి పోయినంక చెయ్యి,” అన్నాడు.