ఎడమ చక్రం చప్పుడు

కారు బ్రేకులు నేనే మార్చుకోవడం నాకు కొత్తేమీ కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో నట్లు బిగించీ బిగించీ కాయలు కాచిన చేతులివి. ఆ ఆదివారం ఇంటి ముందే జాకీ పెట్టి, ముందు చక్రాలు రెండూ విప్పి, కొత్త ప్యాడ్లు వేశాను. పనయ్యాక ఎప్పటిలాగే బండికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. మర్నాడు సూర్యాపేట బయల్దేరామో లేదో, ఎడమ ముందు చక్రంలో కిర్రుమని చప్పుడు.

సూర్యాపేట ప్రయాణం సరదాకి కాదు. నా భార్యకు రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. మాకు ఖాళీ దొరికింది అక్కడి దవాఖానలోనే. ఒక్కసారి తప్పినా కాళ్ళు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. మిషన్ దిగాక బస్సెక్కే ఓపిక ఆమెకు ఉండదు. అందుకే, కారు ఆగితే ఆమె ప్రాణం ఆగినట్టేనని నా భయం.

ఆ చప్పుడు నన్ను పీక్కుతింది. బ్రేకు తొక్కినా అదే, వదిలినా అదే. చక్రం ఊడదీసి ప్యాడ్లు చూశాను, నట్లు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిషన్ లేని రోజు చూసుకుని కోదాడలో ఉన్న బావమరిది దగ్గరికి తీసుకెళ్ళాను. అతను పక్కన కూర్చుని విని, “బేరింగేమో బావా. అయినా బ్రేకుల పని ఇంట్లో ఎందుకు చేస్తావు, మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ మర్నాడు సూర్యాపేట దారిలో ఆమె అడిగింది.

“సప్పుడు ఇంకా గట్లనే వస్తుందా?”

“వస్తుంది. నువ్వు కండ్లు మూసుకో.”

“ఇయ్యాల వద్దా మరి? మధ్యల ఆగితే పరేషాన్ గదా.”

“ఆగదు. నేనున్న గదా.”

దారిలో చిక్కుకుపోతామని భయపడుతోందనుకున్నాను.

తర్వాతి రోజు చక్రంతో పాటు బ్రేకు డిస్కు కూడా ఊడదీశాను. దాని వెనకున్న రేకు సందులోంచి గోరంత ముక్క ఒకటి రాలింది. చేతిలోకి తీసుకుని చూస్తే కొబ్బరి చిప్ప. ఒక అంచుకు పసుపు కూడా అంటుకుని ఉంది. పూజనాడు రాయి చేతికందక, కాయను చక్రం ఇనుము మీదే కొట్టాను. పగిలినప్పుడు పెంకు చక్రం రంధ్రంలోంచి లోపలికి పోయి ఇరుక్కుంది. దారిలో ఏ ఆపదా రావొద్దని మొక్కి కొట్టిన కాయ అది. నా తలకాయ, ఇన్నాళ్ళూ నా చేతులనే అనుమానించాను.

ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. ముక్క తీసుకెళ్ళి చూపించాను.

“దొరికిందే. కొబ్బరి చిప్ప.”

“అయితే ఇగ సప్పుడు రాదా?”

“రాదు. రేపు హాయిగ పోవచ్చు.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని తనే అంది.

“సప్పుడు జర పెద్దగైతే, ఇయ్యాల వద్దు తియ్ అని నువ్వే అంటవేమోనని సూసిన. నా నోటితోని నేనంటే నువ్వు ఆగమైతవ్. ఆ మిషన్ ఇగ నాతోని అయితలేదయ్యా.”

బాగుపడదని ఇద్దరికీ తెలుసు. ఎన్నాళ్ళు తిరిగినా ఆ మంచం మీదికే పోవాలి. మిషన్ మానేస్తే ఏమవుతుందో కూడా ఇద్దరికీ తెలుసు. ఆ చిప్పముక్కను మళ్ళీ రేకు వెనక్కి తోసెయ్యాలనిపించింది. తొయ్యలేదు. డిస్కు ఎక్కించి, చక్రం బిగించి, జాకీ దించాను.

తెల్లారి సూర్యాపేట దాకా కారు చప్పుడు లేకుండా నడిచింది. ఆమె అద్దం దించుకుని, దారంతా ఎడమ చక్రం వైపే చెవి పెట్టి కూర్చుంది.